ఎక్స్‌పోలో స్టాల్ కోసం నగలు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి. చెక్క చెంచాలు, గరిటెలు చేసి అమ్ముతాం. నాతో కలిపి ఏడుగురం ఆడవాళ్లం. నెలకు 1,60,000 దాకా అమ్మకం, కర్ర, కూలి, ప్యాకింగ్ పోను వందకు నలభై రూపాయలు మిగులుతుంది. జీఎస్టీ నంబర్ లేదు. హైదరాబాద్‌లో మూడు రోజుల బిజినెస్ ఎక్స్‌పోలో స్టాల్ తీసుకోమంటున్నారు. అద్దె 90,000, జీఎస్టీ అదనం, శనివారం లోపు సగం కట్టాలట. రెండు లక్షలకు నగలు పెడదామని నేను, వద్దని మా ఆయన.

జవాబు: అమ్మా, ఈసారికి స్టాల్ వద్దు, నగల జోలికి అసలే వెళ్లొద్దు. మీ సరుకుకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి ప్రత్యేకమైన సరుకని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు ఉంది, దేశంలో ఎక్కడ పెట్టినా మనుషులు ఆగి చూస్తారు, అందులో నాకు అనుమానం లేదు. నా భయమంతా లెక్క గురించే.

అద్దె 90,000 మీద 18 శాతం జీఎస్టీ అంటే 16,200. మీకు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి అది వెనక్కి రాదు, మొత్తం ఖర్చే. అక్కడికే 1,06,200 అయింది. ఇలాంటి చోట్ల మామూలుగా ఒక టేబుల్, రెండు కుర్చీలు, కాసిని లైట్లు ఇస్తారు. గరిటెలు కంటికి ఆనేలా పెట్టాలంటే ర్యాకులు, ఇంకో నాలుగు లైట్లు, బ్యానర్ కావాలి, ఒక 12,000 వేసుకోండి. సరుకు తీసుకెళ్లి మిగిలింది తేవడానికి 10,000, ఇద్దరికి నాలుగు రాత్రులు రూమూ భోజనాలూ ఆటోలూ 16,000, కార్డులు, కవర్లు 6,000. అంతా కలిపితే లక్షన్నర. ఆ వారం మీరు లేక ఇంట్లో పని ఎంత కుంటుపడుతుందో నేను కలపలేదు.

వందకు నలభై మిగిలే వ్యాపారంలో లక్షన్నర వెనక్కి రావాలంటే 3,75,000 అమ్మాలి. లాభం కాదమ్మా, ఖర్చు తేలడానికే అంత. సెట్టు 300 అనుకుంటే మూడు రోజుల్లో 1,250 సెట్లు, రోజుకు ఎనిమిది గంటలు చూసుకున్నా గంటకు యాభై పైన. ఇద్దరు మనుషులు చూపించి, ధర చెప్పి, ప్యాక్ చేసి, డబ్బు తీసుకుని అంత అమ్మలేరు. పైగా అది మీ రెండు నెలల పైన పని, ఆ సరుకు ముందే తయారు చేయాలంటే కర్రకీ కూలీలకీ ఇంకో 2,25,000 పెట్టాలి. ఈ ఖర్చులన్నీ కలిపితే మీరు తెద్దామనుకున్న రెండు లక్షలు సగానికి కాస్త పైన వరకే వస్తాయి. ఆ అప్పుకు 12 శాతం వడ్డీ పడినా ఏడాదికి 24,000, మీ నెల మిగులులో మూడో వంతు పైన.

చిల్లర అమ్మకాల కోసం బిజినెస్ ఎక్స్‌పోకి వెళ్లకూడదు. వెళ్తే ఆర్డర్ల కోసమే వెళ్లాలి, గిఫ్ట్ షాపులు, హోటళ్లు, ఎగుమతిదారుల కోసం. నెలకు 20,000 సరుకు తీసుకునే షాపు ఒకటి దొరికి, హోల్‌సేల్ ధర కాబట్టి వందకు ఇరవయ్యే మిగిలినా నెలకు 4,000. అలాంటివి మూడు నిలబడితే ఏడాది దాటాక లక్షన్నర తేలుతుంది. కానీ ఆర్డర్లు వచ్చాకే అసలు టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే వాళ్లు అరువు అడుగుతారు, మీరు కూలి వారం వారం ఇవ్వాలి. అందుకని ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, లేకపోతే ముందు అది చేయించుకోండి, ఉచితమే. అది ఉంటే కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి డబ్బు ఆపకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. చట్టం ఉంది కదా అని ఊరుకోకుండా సగం అడ్వాన్స్ అడగండి, కొత్తవాళ్ల దగ్గరైతే మొహమాటపడకండి.

ఇప్పుడు నేను చేయమనేది ఇది. అదే ఎక్స్‌పోకి ఒక సంచీడు శాంపిళ్లు, ధరల కాగితం పట్టుకుని విజిటర్‌గా ఒక రోజు వెళ్లి రండి. మీలాంటి సరుకు పెట్టినవాళ్ల స్టాల్ దగ్గర నిలబడి, ఎవరు ఆగుతున్నారో, ఏం అడుగుతున్నారో చూడండి. ఐదారు వేలతో అయిపోయే పని. ఇంకోపక్క హస్తకళల శాఖ ఇచ్చే ఆర్టిజన్ కార్డు తీసుకుని గాంధీ శిల్ప్ బజార్లకు, డ్వాక్రా సంఘంలో ఉంటే సరస్ మేళాలకు దరఖాస్తు పెట్టండి, చిల్లర అమ్మకం అక్కడ బాగుంటుంది. స్టాల్ అద్దెలో కొంత తిరిగి ఇచ్చే ఎంఎస్‌ఎంఈ (చిన్న పరిశ్రమల) పథకం కూడా ఉంది, మహిళలకు వాటా ఎక్కువ. నెల్లూరులో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. కానీ డబ్బు తర్వాత వస్తుంది, ముందు మీ చేతి నుంచే పెట్టాలి కాబట్టి దాన్ని నమ్ముకుని అప్పు చేయొద్దు.

ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు. మామూలుగా జీఎస్టీ నంబర్ లేకుండా వేరే రాష్ట్రంలో అమ్మడం కుదరదు. చెక్కతో చేసిన వంటింటి సామాను హస్తకళల జాబితాలో ఉంది కాబట్టి ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపు ఉన్నంతకాలం మీకు మినహాయింపు, పాన్ ఉండాలి, సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే కాగితం, తీయాలి. మీ అమ్మకం ఇప్పటికే ఏడాదికి 19,20,000. ఇంకో 80,000 పైన అమ్మితే గీత దాటినట్టే, అప్పుడు వేరే రాష్ట్రంలో అమ్మాలంటే రిజిస్ట్రేషన్ తప్పదు. కాబట్టి తెలంగాణలో ఒక్క సెట్టు అమ్మే ముందే ఈ సంవత్సరం బిల్లులన్నీ పట్టుకుని కావలిలోనో నెల్లూరులోనో ఒక ఆడిటర్‌ని కలవండి.