పాట కింద పడిపోయిన మాటలు

తమ్ముడూ,

నువ్వు పంపిన ముప్పై పేజీలూ రెండుసార్లు చదివాను. మీ ఇంట్లో నాలుగు తరాల వీడియోలున్నాయని, అవన్నీ చూసి నవల రాస్తున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. మీ తాత సూపర్ 8 కెమెరాతో తీసిన రీళ్ళు, మీ అమ్మానాన్నల పెళ్ళి వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, బాబాయి హ్యాండీక్యామ్ టేపులు, ఇప్పుడు మీ అక్క పాపవి ఫోన్లో. ఇంత సరుకు ఒక్క ఇంట్లో ఉండడం మామూలు విషయం కాదు. చాలా ఇళ్ళల్లో ఇల్లు మారినప్పుడు పాత సామాన్లవాడికి పోయేవి ఇవే.

కానీ ఒక మాట చెప్పాలి. నీ పేజీల్లో అందరూ ఒకేలా మాట్లాడుతున్నారు. వైజాగ్ పోర్టులో కళాసీగా చేసిన మీ ముత్తాత, జాలరిపేట నుంచి చేపలు తెచ్చే ఆవిడ, ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగిన మీ పిన్ని, అందరిదీ టీవీ సీరియల్ తెలుగే. చీర రంగు రాశావు, గోడ రంగు రాశావు, బీచ్ రోడ్డు మీద ఆ రోజుల్లో ఎంత ఖాళీ ఉండేదో రాశావు, అన్నీ కరెక్టే. బొమ్మ చూసి రాశావు, మాట వినలేదు. ఈ ఉత్తరమంతా దాని గురించే.

మా అమ్మ ఒకే ఒక్క రీల్లో ఉంది. 1974 సంక్రాంతికి మా మేనమామ తీసింది, అదీ సూపర్ 8 యే. ఆ ఫిల్ము ఒక కార్ట్రిడ్జ్ 50 అడుగులు, సెకనుకు 18 ఫ్రేముల లెక్కన మూడు నిమిషాల ఇరవై సెకన్లు వస్తుందంతే, కాబట్టి పండగంతా అందులోనే పట్టించాలని మావయ్య ఒక్కొక్కరి మీద ఐదారు సెకన్లు పెట్టి తీశాడు. అమ్మ మహారాణిపేట ఇంటి పెరట్లో గరిటె పట్టుకుని నిలబడుంటుంది, కెమెరా వైపు చూసి ఏదో అంటుంది, వెంటనే మొహం పక్కకి తిప్పేస్తుంది. సౌండు లేదు. నేను ఎన్నో ఏళ్ళు అది సిగ్గు అనుకున్నాను, ఒక కథలో అలాగే రాసేశాను కూడా, కెమెరా చూసి సిగ్గుపడి మొహం తిప్పుకున్న అమ్మ అని. తర్వాతెప్పుడో రీలు స్కాన్ చేయించి ల్యాప్‌టాప్‌లో పెడితే మా అక్క పక్కన కూర్చుని చూస్తోంది. ఆ ముక్క రాగానే "ఆపు, వెనక్కి పెట్టు" అంది. రెండుసార్లు చూసి చెప్పింది. "గుంటడు నూతిగట్టు ఎక్కీసినాడు, సూడరా" అంటోందట అమ్మ. గుంటడంటే మా తమ్ముడు, అప్పటికి రెండేళ్ళు. పరిగెత్తుకెళ్ళి వాణ్ణి దింపింది అక్కే, అందుకే ఆ పెదాలు చదవగలిగింది. అప్పుడు గమనించాను, ఆ తర్వాతి ముక్కలో కెమెరా నేల వైపు వాలిపోయి మట్టీ, మావయ్య చెప్పులూ కనిపిస్తాయి. అదేదో తీయడం రాక అలా వచ్చిందనుకునేవాణ్ణి.

అక్క పోయి మూడేళ్ళయింది. ఆ రోజు ఆమె చెప్పింది చెప్పినట్టు నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఫిల్ము ఉన్నంతకాలం మా అమ్మ సిగ్గుపడుతూనే ఉండేది.

అందుకే ముందు నవల పక్కన పెట్టు. మీ నాయనమ్మని కూర్చోబెట్టి రీళ్ళు చూపించు, పక్కన ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పెట్టు. ప్రశ్నలు ఎక్కువ అడక్కు, ఆవిడని మాట్లాడనియ్యి. మీ పెద్దనాన్న వచ్చి "కాదమ్మా, ఆయన సుబ్బారావు కాదు, వాళ్ళన్న" అని వాదిస్తే ఆ వాదన కూడా రికార్డు కావాలి, ఎవరిది కరెక్టో నువ్వు తేల్చక్కర్లేదు, ఇద్దరిదీ రాసుకో. ఆవిడ ఏ మాట ఎలా పలికితే అలాగే రాయి. "ఏటి సేస్తన్నావు" అంటే "ఏం చేస్తున్నావు" అని దిద్దకు. నీ ముప్పై పేజీల్లో లేనిది అదే.

అయితే ఆ రీళ్ళు ప్రొజెక్టర్‌లో మాత్రం పెట్టొద్దు. డబ్బా మూత తీసి వాసన చూడు ముందు. మా రీలు డబ్బా తెరిస్తే ఊరగాయ జాడీ తెరిచినట్టు ముక్కుకి పులుపు కొట్టింది. ఆ ఫిల్ము అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసింది, వేడికీ తేమకీ విరిగి అందులోంచి అసిటిక్ యాసిడ్ వస్తుంది, వెనిగర్‌లో ఉండేది అదే, వచ్చిన యాసిడ్ మళ్ళీ విరగడాన్ని ఇంకా త్వరపెడుతుంది, పక్కనున్న మంచి రీళ్ళకీ అంటుకుంటుంది. మన వైజాగ్ గాలి సంగతి నీకు తెలుసు, బీరువాలో చెప్పులకే బూజు పడుతుంది. పులుపు వాసన వచ్చిన రీలు విడిగా పెట్టి, ముందు దాన్నే స్కాన్‌కి ఇవ్వు. కుంచించుకుపోయిన ఫిల్ము ప్రొజెక్టర్ పళ్ళకి తగులుకుని చిరిగిపోతుంది, ఫ్రేము ఫ్రేముగా స్కాన్ చేసేవాళ్ళ దగ్గరికే పంపాలి, గోడ మీద వేసి దాన్ని ఫోన్‌తో తీసుకునే పద్ధతి వద్దు.

ఇప్పుడు పెళ్ళి క్యాసెట్ల సంగతి, ఇది నాకు ఇప్పటికీ బాధే. మా చెల్లెలి పెళ్ళి 1989లో. అప్పగింతలప్పుడు మా నాన్న చెల్లెలి చెయ్యి పట్టుకుని నిమిషం పైనే మాట్లాడారు. క్యాసెట్ వచ్చాక చూస్తే అక్కడ సినిమా పాట. ఆ రోజుల్లో మిక్సింగ్ అంటే అంతే కదా, తలంబ్రాలకొక పాట, అప్పగింతలకొక ఏడుపు పాట, పువ్వుల్లోంచి పెళ్ళికూతురి మొహం రావడం, అందరికీ అదే నచ్చేది, మేమూ ముచ్చటపడే చూశాం. పాట పెడితే కింద అసలు మాటలు పోతాయని ఎవరికీ తట్టలేదు. రెండేళ్ళకి నాన్న పోయారు. అప్పుడు స్టూడియోకి పరిగెత్తాను, మాస్టర్ క్యాసెట్లు, అంటే పాట కలపక ముందు తీసిన అసలువి, ఇవ్వండని. అవి ఎప్పుడో వేరే పెళ్ళిళ్ళకి వాడేశామన్నారు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. పెదాలు కదులుతాయి, పైన పాట వస్తుంది. ఆయన ఏమన్నారని చెల్లెల్ని అడిగితే, ఏడుస్తున్నాను కదన్నయ్యా, ఒక్క ముక్కా వినపడలేదు అంది.

అందుకని మీ నాన్న పెళ్ళివి మూడు క్యాసెట్లున్నాయన్నావు కదా, అవి మిక్సింగ్ చేసినవా, మాస్టర్లా చూడు. పేరు వేయని, లేబుల్ లేని క్యాసెట్ ఏదైనా ఉంటే దాన్నే ముందు చూడు, మాస్టర్లు తరచూ అలాగే పడుంటాయి. వీసీఆర్‌లో పెట్టే ముందు క్యాసెట్ మీదుండే చిన్న కిటికీలోంచి టేపు అంచు చూడాలి, తెల్లగా పొడిలా ఉంటే ఫంగస్, అది పెడితే వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్డు పాడై తర్వాత పెట్టే క్యాసెట్లకీ అంటుతుంది, ముందు శుభ్రం చేయించాలి. వెనక అంచున చిన్న ప్లాస్టిక్ ట్యాబ్ ఉంటుంది, అది విరిచెయ్యి, ఇక పొరపాటున దాని మీద ఎవరూ రికార్డు చేయలేరు. మాకు తెలిసిన ఇంట్లో అన్నప్రాసన క్యాసెట్ మీద సీరియల్ ఎక్కించేశారు. నిలబెట్టి దాచు, పుస్తకాల్లా. పనిచేసే వీసీఆర్ దొరికినప్పుడే పని కానిచ్చెయ్యి, జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేశాక కొత్తవి రావట్లేదు, ఉన్నవాటికే రిపేర్లు చేసుకోవాలి.

ఇంకోటి, మీ పిన్ని అమెరికా నుంచి పంపిన క్యాసెట్ పాడైపోయింది, గీతలొస్తున్నాయి అన్నావు. బహుశా పాడవలేదు. అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు, మన పద్ధతి పాల్ (PAL), 25 ఫ్రేములు, ఒకదాని క్యాసెట్ ఇంకోదాని వీసీఆర్‌లో సరిగా ఆడదు. రెండూ ఆడే వీసీఆర్‌లో పెట్టి చూసేదాకా పారెయ్యకు.

హ్యాండీక్యామ్ టేపులు మినీడీవీ అయితే అదృష్టం, అవి డిజిటల్, ఫైర్‌వైర్ అనే కేబుల్‌తో కంప్యూటర్లోకి ఉన్నదున్నట్టు దిగుతాయి, గంటకి 13 జీబీ దాకా. వీటిలో నేను రచయితగా నీకు చూపించాలనుకున్నది ఒకటుంది. మైకు కెమెరా మీదే ఉంటుంది కదా, అందుకని అన్నిటికంటే గట్టిగా వినపడేది బొమ్మలో కనపడని మనిషి గొంతు. మీ బాబాయి టేపంతా ఎక్కడా ఉండడు, కానీ ఊపిరి తీయడం కూడా వినపడుతుంది. ఎవర్ని పిలుస్తున్నాడు, ఎవర్ని పిలవట్లేదు, ఎవరొచ్చినప్పుడు గొంతు మారుతోంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బొమ్మ చూడకుండా ఒకసారి విను. వెనక వంటింట్లోంచి ఆడవాళ్ళ మాటలు కూడా పట్టేస్తుంది ఆ మైకు. మా ఇంటి టేపుల్లో కెమెరా ముందు వాళ్ళు సరిగా మాట్లాడిందే లేదు, మాట్లాడిందంతా అక్కడే.

డేట్లు తెలియట్లేదన్నావు. ఊరే చెప్తుంది. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ కనిపిస్తే అది 2002కి తర్వాతది, దాన్ని ఒడ్డు మీద మ్యూజియం చేసింది ఆ సంవత్సరమే. అక్కడ ఖాళీ ఇసుకే ఉంటే అంతకు ముందుది. గోడ మీద సినిమా పోస్టర్ ఉంటే ఆగి చదువు, రిలీజు సంవత్సరం వెతికితే దొరుకుతుంది. సూపర్ 8 అయితే ఆ ఫిల్ము మార్కెట్లోకి వచ్చిందే 1965లో, అంతకంటే వెనక్కి పోదు. తేలినదాన్ని ఫైలు పేరులోనే పెట్టు, సంవత్సరం, ఊరు, సందర్భం, మనుషులు.

స్టూడియోవాళ్ళు ఏఐతో హెచ్‌డీ చేసిస్తామంటారు. వద్దను. అది మొహాన్ని శుభ్రం చేయదు, లేని కళ్ళూ లేని చర్మమూ గీసి పెడుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ అది మీ ముత్తాత కాదు. దిగిన ఫైలు దిగినట్టు దాచి, కావాలంటే ఇంకో కాపీ మీద ఏదైనా చేసుకోండి. మీ పెద్దత్త మొదటి పెళ్ళి ముక్క కోసెయ్యమని ఇంట్లో అంటున్నారని రాశావే, దానికీ ఇదే జవాబు. అందరికీ చూపించే కాపీలో తీసెయ్యి, ఆవిడ బాధ చిన్నది కాదు. అసలుదాంట్లో మాత్రం ఒక్క ఫ్రేము ముట్టుకోకు. నవల్లో ఆ సంగతి రాయాలనుంటే ఆవిడ దగ్గరికెళ్ళి అడుగు, వద్దంటే రాయకు.

కాపీలు మూడు ఉండాలి, ఒకటి వేరే ఊళ్ళో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా పై గది రేకులు లేచిపోయి అటక మీదున్న క్యాసెట్ల పెట్టె నీళ్ళల్లో నానిపోయింది, కరెంటు వచ్చేసరికే రోజులు పట్టింది, ఈలోగా టేపులు అతుక్కుపోయాయి. కాపీలున్న హార్డ్ డిస్కు కూడా అదే గదిలో పెట్టాను. సముద్రం పక్కన ఉన్నవాళ్ళం, ఒక డిస్కు హైదరాబాద్‌లో మీ అక్క దగ్గర పెట్టు, ఏడాదికోసారి తెరిచి చూడమను. వాట్సాప్‌లో పంపింది కాపీ కింద లెక్క కాదు, అది నొక్కేసి చిన్నది చేస్తుంది.

మీ అక్కకి ఇంకో మాట కూడా చెప్పు. పాప వీడియోలకి పాట పెట్టి రీల్స్ చేస్తోందన్నావు, చేసుకోనీ, కానీ పాట పెట్టని ఒరిజినల్ డిలీట్ చెయ్యొద్దను.

ఆదివారం పొద్దున్న ఇంటికి రా. నా దగ్గర రెండు రకాలూ ఆడే వీసీఆర్ ఉంది, హెడ్డు మొన్ననే శుభ్రం చేయించాను. లేబుల్ లేని క్యాసెట్ దొరికితే అదీ, పిన్ని క్యాసెట్టూ తీసుకురా, ట్యాబ్ విరిచి తే. వీలైతే నాయనమ్మని ఆటోలో తీసుకొచ్చెయ్యి, మెట్లు నాలుగే. మధ్యాహ్నం భోజనం ఇక్కడే.

ఉంటాను.