సీనియర్ తప్పు చెప్పడానికి ఉద్యోగం మానక్కర్లేదు

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చేసి రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ట్రైనీగా చేరింది. ఇంట్లో తెలుగు, అక్కడ అంతా ఒడియా. తనతో షిఫ్టులో ఉండే సీనియర్ టైట్రేషన్లు (ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి శాంపిల్‌లో ఏది ఎంతుందో కొలవడం) హడావుడిగా కానిస్తాడట, రీడింగులు తేడా వస్తున్నాయట. చెబితే ‘నిన్నగాక మొన్న వచ్చావు’ అంటాడని దాని భయం. మనకెందుకమ్మా, తలొంచుకుని నీ పని చూసుకో అన్నాను. ఉద్యోగం మానిపించి విశాఖలో సాఫ్ట్ స్కిల్స్ కోర్సులో చేర్చమంటారా, ఎంబీఏ హెచ్‌ఆర్ చేయించమంటారా? ఏది మేలు?

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించే అయినా మీ బెంగ అది కాదు. పరాయి భాష వాళ్ల మధ్య ఒంటరిగా ఉన్న పిల్ల ఎవరిచేతనైనా మాట పడుతుందేమోనని. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తల్లిదండ్రులు కూడా ఇదే అడుగుతుంటారు. కంగారు పడకండి. పక్కవాళ్ల పనిలో తేడా ఎక్కడుందో మీ అమ్మాయి కంటికి ఆనుతోంది, కష్టమైనది అదే. ఇక చెప్పే తీరంటారా, అది నేర్చుకుంటే వస్తుంది.

మీరిచ్చిన సలహా మాత్రం బాగాలేదు. రికార్డులో ఆమె సంతకం కూడా ఉంటుంది. రేపు సరుకు వెనక్కి వస్తే, తెలిసీ ఎందుకు ఊరుకున్నావని ఆమెనూ అడుగుతారు. ఇంకో మాట. ఇంట్లో పిల్లల తప్పులు చుట్టాల ముందే ఎత్తి చూపుతాం, బయటికెళ్తే నోరు మూసుకోమంటాం. తప్పు చెప్పడమంటే తగువు పెట్టుకోవడమేనని వాళ్లకు నేర్పింది మనమే. ఇది మానండి.

ఇక పని సంగతి. మాట్లాడేముందు ఆమె తన అనుమానాన్ని తనే పరీక్షించుకోవాలి. అదే శాంపిల్‌ని మళ్లీ చేసి చూడాలి. ద్రావణం బలం చివరిసారి ఎప్పుడు సరిచూశారో లేబుల్ మీద చదవాలి. అది సోడియం హైడ్రాక్సైడ్ అయితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని బలహీనపడుతుంది, కాబట్టి తేడా ఆ ద్రావణంలోనే ఉండొచ్చు. ఇది చూడకుండా మనిషిని అంటే, తర్వాత సారీ చెప్పినా మాట విలువ పోతుంది.

తేడా ఆయన చేతిదేనని తేలితే, కంటికి కనబడిన ఒక్క విషయమే పట్టుకోవాలి. ‘మీరు శ్రద్ధగా చేయట్లేదు’ అన్నామంటే ఆయన వాదనకు దిగుతాడు. ‘గరాటు బ్యూరెట్ మీదే ఉండిపోయింది’ అంటే వాదించేదేముంది? బ్యూరెట్ అంటే ద్రావణాన్ని కొలిచి వదిలే గీతల గొట్టం. దాంట్లో ద్రావణం పోశాక గరాటు తీయకపోతే, కాడలో నిలిచిన చుక్కలు టైట్రేషన్ మధ్యలో జారి పడతాయి. ఒక్కో చుక్క సుమారు 0.05 మిల్లీలీటర్లు. నాలుగు పడితే 0.2 తేడా. రెండు రీడింగులు 0.1 లోపు కలవాలని చూసే చోట అది చిన్న తేడా కాదు, పైగా వాడిన ద్రావణం అసలుకంటే తక్కువగా కనబడుతుంది. తేదీ, శాంపిల్ నంబరు, ఆయన రీడింగు, తన రీడింగు చిన్న నోటుబుక్కులో రాసుకోవాలి. ఒక్కసారి జరిగినదాన్ని ‘ఎప్పుడూ ఇంతే’ అనకూడదు.

చెప్పడం ఆ రోజే కావాలి, ఇద్దరే ఉన్నప్పుడు. షిఫ్టు మారే వేళ వద్దు, వచ్చేవాళ్లూ వెళ్లేవాళ్లూ అక్కడే నిలబడి ఉంటారు. కళ్లద్దాలు లేకుండా ఆమ్లం పోస్తున్నాడా, అప్పుడు మాత్రం ఆగకూడదు, అక్కడికక్కడే చెప్పాలి. మాట ఇలా ఉంటే చాలు: ‘సార్, ఒక్క నిమిషం. పొద్దున రెండో శాంపిల్‌కి గరాటు తీయలేదు. నేను మళ్లీ చేస్తే 0.2 ఎక్కువొచ్చింది. ఓసారి కలిసి చేసి చూద్దామా?’ ఆ తర్వాత మాట్లాడకుండా ఆయన చెప్పేది వినాలి. ఇదంతా ఒడియాలో, ‘తుమే’ అనకుండా గౌరవంగా ‘ఆపణ’ అంటూ. ల్యాబ్‌లో ఇంకో తెలుగు మనిషి ఉంటే సీనియర్ ముందు వాళ్లిద్దరూ తెలుగులో మాట్లాడుకోకూడదు. తన గురించే అనుకుంటాడు, ఆపైన ఎంత మర్యాదగా చెప్పినా చెవికెక్కదు. ఈ నాలుగు మాటలూ ముందు ఫోన్లో మీకు చెప్పి చూసుకోమనండి, మధ్యలో దిద్దకండి.

ఇప్పుడు కోర్సులు. సాఫ్ట్ స్కిల్స్ కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ముందొక పొగడ్త, మధ్యలో విమర్శ, చివర మళ్లీ పొగడ్త అని చాలాచోట్ల నేర్పుతారు. విన్నవాడికి పొగడ్తే గుర్తుంటుంది, లేదా ఆ తర్వాత ఎవరు మెచ్చుకున్నా వెనక ఏం వస్తుందోనని చూస్తాడు. సందర్భం, చేసిన పని, దాని ఫలితం అని వరసగా చెప్పే పద్ధతి బాగుంటుంది. అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ వాళ్లది. పైన రాసిన మాట ఆ వరసలోదే, దానికి ఫీజు కట్టనక్కర్లేదు. 1996లో క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పని మెరుగుపడకపోగా తగ్గింది. ధ్యాస పని మీంచి ‘నేను’ మీదకి మళ్లినప్పుడు అలా జరుగుతుందని వాళ్ల వివరణ. ఏసీ గదిలో, ఇంగ్లీషులో, ముక్కూమొహం తెలియని వాళ్లతో చేసే అభ్యాసం ఒడియా మాట్లాడే సీనియర్ ముందు ఎంత అక్కరకొస్తుందో మీరే ఆలోచించండి.

ఎంబీఏ హెచ్‌ఆర్ అంటే నియామకాలు, జీతాలు, కార్మిక చట్టాలు. ఆ పని మీద ఇష్టం ఉంటే చేయొచ్చు, మాట్లాడటం రావాలని చేసేది కాదు. ఏది మేలంటే, ఇప్పటికి రెండూ వద్దు. కెమిస్ట్రీలోనే ఉండాలనుకుంటే ఎమ్మెస్సీ గానీ, ల్యాబుల ప్రమాణం ఐఎస్ఓ 17025 మీద శిక్షణ గానీ పనికొస్తుంది. ఆ ప్రమాణం పాటించే ల్యాబ్‌లో తేడా వచ్చిన పనిని నమోదు చేసి సరిదిద్దడం నియమం, దాన్నెవరూ చాడీ అనలేరు.

ఆయన కసురుకుంటే? ఆ రోజుకి వదిలేయాలి. వారం చూడాలి. గరాటు తీస్తున్నాడనుకోండి, ‘సార్, ఈసారి రెండూ కలిశాయి’ అని అదీ చెప్పాలి. మారకపోతే నోటుబుక్కు చూపించి రెండోసారి అడగాలి. అప్పటికీ వినకపోతే ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లొచ్చు, కానీ ‘సార్, ఈ రీడింగుల సంగతి ఇన్‌చార్జి గారిని అడుగుతున్నాను, మీరూ రండి’ అని ముందు ఆయనకే చెప్పి వెళ్లాలి.