'గెలుపు ఖాయం' అన్న వార్తకు బిల్లు ఎవరు కట్టారు?

ప్రశ్న: ఎన్నికల వారంలో మా జిల్లా ఎడిషన్‌లో ఒకే పేజీ పైభాగాన ఒక అభ్యర్థికి 'గెలుపు నల్లేరు మీద నడకే' అనీ, కింద ఆయన ప్రత్యర్థికి 'ఊరూరా బ్రహ్మరథం' అనీ వార్తలొచ్చాయి. రెంటికీ విలేకరి పేరు లేదు. ఇవి డబ్బిచ్చి వేయించుకున్నవని ఎలా తెలుస్తుంది? ఎవరికి చెప్పాలి?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఒక్క వార్తతో తేలదు. నాలుగు రోజుల పేపర్లు, వీలైతే రెండు మూడు పత్రికలవి, పక్కపక్కన పరిచి చూడండి. అవే వాక్యాలు, అదే ఫొటో వేరే పత్రికలోనూ ఉంటే అనుమానించాల్సిందే. అయితే తొందరపడొద్దు. పార్టీ ఆఫీసు పంపిన ప్రెస్‌నోట్‌ను రెండు పత్రికలూ మక్కీకి మక్కీ దించినా ఇలాగే ఉంటుంది. అది బద్ధకమే కానీ బేరం కాదు. ప్రెస్‌నోట్‌లో సభ ఎక్కడ జరిగింది, ఎవరు ఏం మాట్లాడారు అన్నది ఉంటుంది. కొనుక్కున్న వార్తలో ప్రభంజనం తప్ప జరిగినదేమీ ఉండదు. అభ్యర్థిని అడిగిన ప్రశ్న ఉండదు, ప్రత్యర్థి మాట ఉండదు, 'అన్ని వర్గాల మద్దతు' అంటారే తప్ప ఆ వర్గాల్లో ఒక్కరి పేరూ కనపడదు. మీరు చెప్పినట్టు ఒకే పేజీలో ఇద్దరూ గెలిచేస్తుంటే మాత్రం ప్యాకేజీ, అంటే డబ్బుకు వార్తలమ్మే బేరం, వాసన గట్టిగానే వస్తోంది.

మీ జిల్లాకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 2009 ఎన్నికలప్పుడు ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరిలోనే పెయిడ్ న్యూస్‌పై నమూనా సర్వే చేసింది. ఆ తర్వాత ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పాత్రికేయుడు పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన కె.శ్రీనివాస్ రెడ్డి గారు ఉన్నారు. విలేకరులే తమ వృత్తిలోని తప్పును లెక్కగట్టి బయటపెట్టారు. దానికి ఎంత ధైర్యం కావాలో ఊహించండి.

ఇక ఫిర్యాదు సంగతి. జిల్లా ఎన్నికల అధికారి, అంటే కలెక్టర్, ఆధ్వర్యంలో మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీ ఉంటుంది. ఎంసీఎంసీ అంటారు. రాతపూర్వకంగా దానికే ఇవ్వండి, ఒక ప్రతి మీ రిటర్నింగ్ అధికారికి పంపండి. వార్త కత్తిరించి అంటిస్తే చాలదు. పత్రిక పేరు, తేదీ, ఎడిషన్, పేజీ నంబరు కనిపించేలా పూర్తి పేజీ జతచేయాలి. ఇక్కడే చాలా ఫిర్యాదులు వీగిపోతాయి. నియోజకవర్గానికో జోన్ పేజీ మారుతుంది కాబట్టి అధికారి చేతిలోని ఎడిషన్‌లో మీరు చెప్పిన వార్తే ఉండకపోవచ్చు. ఈ-పేపర్ పేజీని ఆ రోజే దాచుకోండి. వార్త పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో కొలిచి రాయండి. పెయిడ్ న్యూస్ అని తేలితే ఆ స్థలానికి ప్రభుత్వ ప్రకటనల రేటు కట్టి అభ్యర్థి ఖర్చులో కలుపుతారు. మన రెండు రాష్ట్రాల్లో ఆ ఖర్చు పరిమితి అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు.

గడువులు చాలా బిగువు. ఫిర్యాదు అందిన 96 గంటల్లో అభ్యర్థికి నోటీసు వెళ్లాలి, ఆయన 48 గంటల్లో జవాబివ్వాలి. నామినేషన్ వేసిన రోజు నుంచి వచ్చిన వార్తలనే లెక్కలోకి తీసుకుంటారు. అంతకుముందు వేయించుకున్నవి ఈ వలలో పడవు. మరో పెద్ద చిల్లు కూడా ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో పెయిడ్ న్యూస్ విడిగా నేరం కాదు, ఖర్చు దాచారన్న కోణంలోనే పట్టుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీలో 2007లో ఎమ్మెల్యేగా గెలిచిన ఉమ్లేశ్ యాదవ్‌ను ఆ కోణంలోనే ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హురాలిగా ప్రకటించింది 2011లో. అప్పటికి పదవీకాలం చాలావరకు అయిపోయింది. ఆలస్యమైనా, ఆ నిర్ణయానికి మూలం ఓడిపోయిన ప్రత్యర్థి యోగేంద్ర కుమార్ ప్రెస్ కౌన్సిల్‌కు ఇచ్చిన ఫిర్యాదు.

పత్రికపై చర్య కోరితే ముందు సంపాదకుడికి రాయండి. జవాబు రాకపోతే, లేదా వచ్చినా సంతృప్తి లేకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లాలి. దినపత్రికలు, వారపత్రికల విషయంలో గడువు ప్రచురించిన తేదీ నుంచి రెండు నెలలు. కౌన్సిల్ మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేయలేదు. టీవీ దాని పరిధిలోకి రాదు.

ప్రశ్న: పోలింగ్ అయిపోయింది కదా అని మా గ్రూపులో ఎగ్జిట్ పోల్ పెడితే తప్పేంటి?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ ఊళ్లో అయిపోతే సరిపోదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఎ సెక్షన్ కింద అన్ని విడతలూ ముగిసి అరగంట గడిచేదాకా నిషేధం. 2024లో ఆంధ్రప్రదేశ్ పోలింగ్ మే 13న జరిగినా, నిషేధం జూన్ 1 సాయంత్రం ఆరున్నర దాకా ఉంది. ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. ఆ మధ్యకాలంలో 'లీకైన సర్వే' అని వచ్చేదాన్ని ముందుకు తోయకండి.

ప్రశ్న: మండల విలేకరిని. సాయంత్రం ఐదుకు చెప్పిన పోలింగ్ శాతం, రాత్రి చెప్పింది, మర్నాడు చెప్పింది వేర్వేరుగా ఉంటాయి. 'ఓట్లు పెరిగాయి' అని రాయొచ్చా?
— మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఆ మాట రాయకండి. పగలు చెప్పేవి ఫోన్లలో పోగేసిన అంచనాలు. గడువు వేళకు క్యూలో ఉన్నవారందరికీ చీటీలిచ్చి ఓటు వేయనిస్తారు కాబట్టి పోలింగ్ ఆ తర్వాతా సాగుతుంది. పోస్టల్ ఓట్లు యంత్రంలో ఉండవు. వాటిని కలిపితే శాతం మళ్లీ మారుతుంది. మీకు గట్టి ఆధారం ఫారం 17సి మొదటి భాగం. పోలింగ్ ముగిశాక యంత్రంలో నమోదైన ఓట్ల సంఖ్యతో ప్రిసైడింగ్ అధికారి దాని ప్రతిని పోలింగ్ ఏజెంట్లకు ఇవ్వాలి. ఏ ఒక్క పార్టీ ఏజెంటునో నమ్మకుండా ఇద్దరు ప్రత్యర్థుల దగ్గరి ప్రతులు సరిపోల్చుకోండి. శాతం కాదు, సంఖ్య రాయండి. ఏ వేళకు ఎవరు చెప్పిన అంకె అన్నది వార్తలోనే ఉండాలి. ఆ ఒక్క వాక్యంతో సగం పుకార్లు ఆగుతాయి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. ఏ పార్టీకీ కొమ్ముకాయని తెలుగు వార్తా సైట్‌కు విరాళం పంపాలనుంది. నాది భారత పాస్‌పోర్టు, మావారిది అమెరికా పౌరసత్వం.

జవాబు: మీరు పంపండి, ఆయన ఖాతా నుంచి వద్దు. వార్తా సంస్థలు విదేశీ విరాళం తీసుకోకూడదని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం చెబుతోంది. భారత పౌరురాలిగా మీ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా మీవారు పంపేది విదేశీ విరాళమే, దానివల్ల ఇబ్బంది పడేది ఆ సైటు. మామూలు రేటుకు చందా కట్టడం వేరు. అది సేవకు ధర, విరాళం కాదు.

పంపేముందు ఆ సైటు యజమానులెవరో బయటపెట్టిందా, తప్పు రాస్తే సవరణ వేస్తుందా చూడండి. గ్రామీణ విలేకరికి ఎంత ఇస్తున్నారని తప్పక అడగండి. చాలాచోట్ల మండల కంట్రిబ్యూటర్‌కు దక్కేది లైన్ అకౌంట్ (అచ్చయిన వార్త పొడవును బట్టి ఇచ్చే డబ్బు), ప్రకటనలపై కమిషన్. ప్రకటన ఇచ్చే స్థానిక నాయకుడి మీదే అతను వార్త రాయాలి. ప్యాకేజీ బేరం మొదలయ్యేది అక్కడే. అందుకని ఎన్నికల నెలలో ఒకేసారి పదివేలు ఇవ్వడం కన్నా నెలకు 500 చొప్పున ఇరవై నెలలు ఇవ్వండి. ముసాయిదా ఓటర్ల జాబితాలో ఎవరి పేర్లు పోయాయి, పేర్లు తీసేయమని కోరే ఫారం 7లు ఎవరు పెట్టారు, అఫిడవిట్‌లో చూపిన ఐదేళ్ల ఆదాయం ఆస్తులతో పొసుగుతుందా అన్న పని ప్రచారం మొదలయ్యేలోపే జరగాలి. దానికి కావలసింది నెలనెలా జీతం అందే మనిషి.