ఒక్క రాయి చూసి రా

బుజ్జీ,

మొన్న ఫోన్లో "పెద్దమ్మా, బ్రిటిష్ మ్యూజియంలో నాలుగు గంటలు తిరిగాను, ఇంటికొచ్చేసరికి ఒక్కటీ గుర్తులేదు" అన్నావు. నవ్వొచ్చింది. లండన్ వచ్చిన కొత్తలో నేనూ ఒకచోట కళాచరిత్ర లెక్చర్‌కి వెళ్ళి, చీకటి హాల్లో పద్నాలుగు పేజీల నోట్సు రాసుకొచ్చాను. మర్నాడు తీసి చూస్తే అన్నీ పేర్లూ తేదీలే. బొమ్మ ఒక్కటీ కళ్ళముందుకు రాలేదు. పైగా తెరమీద గుప్పెట్లో పట్టే నాణెమూ గోడంత చిత్రమూ ఒకే సైజులో కనిపిస్తాయి!

అందుకే హాల్లో లెక్చర్లు తర్వాత చూసుకుందువు గాని, ముందు గ్యాలరీలో వస్తువు ఎదుట నిలబడి చెప్పేవాటికి వెళ్ళు. అక్కడి వాలంటీర్లు అరగంటో ముప్పావుగంటో చెబుతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఏ రోజు ఏ గదిలో ఉందో వెబ్‌సైట్లో చూసుకో.

నన్నడిగితే 33ఎ గదితో మొదలుపెట్టు. మన అమరావతి స్తూపం రాళ్ళున్నది అక్కడే. పల్నాడు సున్నపురాయి. వాటిలో చాలా వరకు 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చినవి, అక్కణ్ణించి ఓడెక్కాయి. ఇక్కడెందుకున్నాయని కడుపు మండుతుంది, నాకూ మండింది. ఆ మాటా అడుగు. నీళ్ళు నమలకుండా జవాబు చెప్పారంటే ఆ వాలంటీరు వెంట ఇంకో గదికి కూడా వెళ్ళొచ్చు.

వాటిలో ఒక పలకకి రెండువైపులా చెక్కడం ఉంది. పాతవైపు క్రీస్తుకు పూర్వం నాటిది. బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ దండం పెడుతున్న జనం. బుద్ధుడు మాత్రం లేడు. క్రీ.శ. 3వ శతాబ్దంలో అదే రాయిని తిప్పి, వెనకవైపు స్తూపం మొత్తాన్ని చెక్కారు. అందులో గుమ్మం దగ్గర బుద్ధుడు నిలబడి ఉంటాడు. ఎవరి పనిమీదో ఎవరో పని చేశారు, మధ్యలో రెండు మూడు వందల ఏళ్ళు.

టాక్‌కి పావుగంట ముందే వెళ్ళి, బోర్డు చదవకుండా దాన్ని చూడు. నీకేం కనిపించిందో నాలుగు ముక్కలు రాసుకో. తర్వాత విను. విన్నాక "ఆ తేదీ ఎలా తెలిసింది?" అని అడుగు. నేను అడిగినప్పుడు శాసనాల్లో బ్రాహ్మీ అనే పాతకాలపు లిపి అక్షరాల తీరు, చెక్కడంలో మార్పులు గురించి చెప్పారు. ఖాళీ ఆసనం సంగతీ అడుగు. బుద్ధుణ్ణి మనిషిరూపంలో చూపకూడదనుకున్నారని కొందరంటారు, అది జనం పూజించే చోటును చెక్కిన బొమ్మేనని ఇంకొందరు. పండితులే తేల్చుకోలేదు, నువ్వు మొహమాటపడటం దేనికి?

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మద్రాసు మీదుగా వెళ్ళు. అమరావతి రాళ్ళు ఎగ్మూరు మ్యూజియంలోనూ బోలెడున్నాయి.

ఈ శనివారం ఖాళీ అయితే చెప్పు, నేనూ వస్తాను. మోంటాగ్యూ ప్లేస్ వైపు గేటు దగ్గర ఉంటా. మెత్తటి బూట్లు వేసుకురా, అక్కడ నిలబడ్డమే సగం పని.

పెద్దమ్మ