ఫైర్ సిలిండర్ల పరీక్ష రికార్డు ఎవరి దగ్గర ఉండాలి?

ప్రశ్న: మాది తెనాలి. సొంత ఫంక్షన్ హాలు నడుపుతున్నాము. హాల్లో పౌడరు రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు పద్నాలుగు, కార్బన్ డయాక్సైడ్‌వి ఆరు ఉన్నాయి. అన్నీ 2017లో కొన్నవే. ఏటా ఒక ఏజెన్సీ వాళ్లు వచ్చి సర్వీసు చేసి స్టిక్కరు అంటించి వెళ్తారు. ఈ మధ్య తనిఖీకి వచ్చిన అగ్నిమాపక అధికారి హైడ్రో టెస్టు (సిలిండరులో నీరు నింపి చేసే పీడన పరీక్ష) రికార్డు చూపమన్నారు. ఏజెన్సీని అడిగితే, ‘ఆ కాగితాలు మీకెందుకు, కావాలంటే పాత తేదీలతో ఒక రిజిస్టరు రాసి ఇస్తాం’ అంటున్నారు. రికార్డు బాధ్యత ఎవరిది? ఎంతకాలం ఉంచాలి?

జవాబు: ఏజెన్సీ ఇవ్వజూపిన రిజిస్టరు సంగతి ముందు తేల్చుకుందాం. జరగని పరీక్షను జరిగినట్టు రాయించడం భారతీయ న్యాయ సంహిత, 2023లోని 336వ సెక్షను కింద ఫోర్జరీ ఆరోపణకు, దాన్ని అధికారి ముందు పెట్టడం 340వ సెక్షను కింద నకిలీ పత్రాన్ని అసలైనదిగా వాడారన్న ఆరోపణకు దారితీయవచ్చు. రికార్డు లేదన్న లోపాన్ని ఇప్పుడు పరీక్ష చేయించి సరిచేసుకోవచ్చు. దొంగ రికార్డుకు ఆ వీలు లేదు. ఆ కాగితాన్ని ముట్టుకోకండి.

మీ దగ్గరున్న రెండు రకాలనూ చట్టం ఒకే తీరుగా చూడదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్స్‌టింగ్విషరు అధిక పీడనపు గ్యాస్ సిలిండరు. 500 మిల్లీలీటర్లకు మించి 1000 లీటర్ల లోపు పరిమాణం గల ఇటువంటి లోహపు సిలిండర్లకు, 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద చేసిన గ్యాస్ సిలిండర్ల నియమాలు, 2016 వర్తిస్తాయి. ఈ నియమాల అమలును నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో, అంటే పేలుడు పదార్థాల భద్రతను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ, చూస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరును అయిదేళ్లకొకసారి హైడ్రో టెస్టుకు పంపాలి. ఈ వాయువు 31 డిగ్రీల సెల్సియస్ దాటితే ద్రవరూపంలో ఉండలేదు, అప్పుడు లోపలి పీడనం వేగంగా పెరుగుతుంది. మన కోస్తాలో మే నెల మధ్యాహ్నం ఒక వంటగది గోడకు తగిలించిన సిలిండరు ఎంత ఒత్తిడిని మోస్తుందో ఊహించుకోండి. పౌడరు రకాలకు సంబంధించి ప్రధానంగా చూడవలసినది భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 2190. అది స్వతహాగా శాసనం కాకపోయినా, అగ్నిమాపక శాఖ మీకిచ్చిన ఎన్.ఓ.సి. (నిరభ్యంతర పత్రం) షరతుల్లో దాని ప్రస్తావన ఉంటే మిమ్మల్ని కట్టిపడేస్తుంది కాబట్టి, ఆ షరతుల కాగితం ఒకసారి తీసి చదవండి.

ఇక బాధ్యత ఎవరిదంటే, గ్యాస్ సిలిండర్ల నియమాలు రెండు వేర్వేరు రికార్డులను కోరుతున్నాయి. పరీక్ష చేసిన కేంద్రం తన వంతుగా సిలిండరు యజమాని పేరు, నంబరు, పరీక్షా పీడనం, ఖాళీ బరువు, అందులో వచ్చిన తేడా, లోపలి గోడల స్థితి వంటి వివరాలు నమోదు చేయాలి. సిలిండరు యజమాని తన వంతుగా తయారీదారు పేరు, సిలిండరు మీద చెక్కిన నంబరు, అది ఏ ప్రమాణం ప్రకారం తయారైంది, మొదటి హైడ్రో టెస్టు తేదీ, తయారీదారు ఇచ్చిన పరీక్షా ధ్రువపత్రాలు, చీఫ్ కంట్రోలరు (పెసో అధిపతి) ఆమోద పత్రం వివరాలు ఉన్న రికార్డును ఆ సిలిండరు వాడుకలో ఉన్నంత కాలం భద్రపరచాలి. కాబట్టి ఇన్నేళ్లు అని లెక్క పెట్టుకునే పని లేదు. యజమాని ఎవరన్నది మాత్రం మీ కొనుగోలు బిల్లు చెబుతుంది: బిల్లు హాలు పేరున ఉంటే రికార్డు మీది, సిలిండర్లు అద్దెకు తెచ్చినవైతే ఏజెన్సీది. మీరు కొన్నామంటున్నారు కనుక, ‘మీకెందుకు’ అన్న వారి మాటకు విలువ లేదు.

స్టిక్కరు సర్వీసు జరిగిందని చెబుతుందే తప్ప పీడన పరీక్ష జరిగిందని చెప్పదు. హైడ్రో టెస్టును చీఫ్ కంట్రోలరు గుర్తింపు పొందిన కేంద్రమే చేయాలి, చేసినాక పరీక్ష తేదీని, తన సంకేత ముద్రను సిలిండరు మీదే చెక్కాలి. కాబట్టి రేపే ఆరు సిలిండర్లనూ దించి మెడ దగ్గరి ముద్రలను చదివి, ఫోటోలు తీయించండి. 2022 ప్రాంతపు పరీక్ష ముద్ర ఏదీ కనిపించకపోతే పరీక్ష జరగలేదనే అనుకోవాలి. గడువు దాటిన సిలిండరులో పరీక్ష లేకుండా గ్యాస్ నింపడాన్ని నియమాలు నిషేధించాయి. ఆ తరువాత ఎవరైనా నింపి ఉంటే తప్పు వారి మీదకు కూడా వెళ్తుంది. చెక్కిన నంబరుకూ మీ పాత బిల్లులోని నంబరుకూ పొంతన లేకపోతే, రీఫిల్లింగుకు తీసుకెళ్లి వేరే సిలిండరు తెచ్చి తగిలించారని అర్థం. నా దగ్గరకు వచ్చే ఇటువంటి వివాదాల్లో సగం ఇక్కడే పుడతాయి. అందుకే ఇకమీదట సిలిండరు గేటు దాటేటప్పుడు నంబర్లతో సహా డెలివరీ చలానా రాయించుకోండి.

ఇప్పుడు చేయవలసింది, ఈ రోజు తేదీతోనే కొత్త రిజిస్టరు తెరిచి, ఒక్కో సిలిండరుకు ఒక్కో పేజీ కేటాయించి, ‘ఇంతకు ముందరి పరీక్షల వివరాలు లభ్యం కాలేదు’ అని ఉన్నదున్నట్టు రాయడం. తరువాత గుర్తింపు పొందిన కేంద్రానికి పంపి, ప్రతి నంబరుకూ విడిగా ధ్రువపత్రం తెచ్చుకోవడం. సిలిండర్లు పరీక్షకు వెళ్లిన రోజుల్లో ముహూర్తాలుంటే బదులు ఎక్స్‌టింగ్విషర్లు పెట్టకుండా హాలు అద్దెకివ్వకండి. ఏదైనా జరిగి ప్రాణం పోతే న్యాయ సంహిత 106వ సెక్షను కింద నిర్లక్ష్యపు మరణం కేసు ఏజెన్సీతో ఆగదు. పరీక్షలో విఫలమైన సిలిండరును, లేదా ఖాళీ బరువు 5 శాతానికి మించి తగ్గిన సిలిండరును తిరిగి నింపకూడదు, నాశనం చేయించాలి. అలా చేయించిన కాగితాన్ని కూడా అదే పేజీకి జతపరచండి, పాత ఇనుము కింద మాత్రం అమ్మకండి.

అధికారికి రాతపూర్వకంగానే సమాధానమివ్వండి: పాత రికార్డు లేదని ఒప్పుకుంటూ, సిలిండర్లు ఏ తేదీన ఏ కేంద్రానికి పంపారో తెలిపి, చలానా నకలు జతచేసి, ధ్రువపత్రాల సమర్పణకు కొంత గడువు కోరండి.

ఏజెన్సీ బిల్లుల్లో ‘హైడ్రో టెస్టు’ పేరుతో డబ్బు వసూలు చేసి ఉంటే, లాయరు నోటీసు ఇచ్చి ఆ సొమ్ము తిరిగి కోరవచ్చు. హాలు వ్యాపారం కోసం తీసుకున్న సేవ కాబట్టి మీరు ‘వినియోగదారు’ కారన్న అభ్యంతరం వినియోగదారుల కమిషన్‌లో ఎదురుకావచ్చు. ఒప్పంద ఉల్లంఘన కింద సివిల్ కోర్టులో మూడేళ్ల లోపు దావా వేయడమే మీకు నికరమైన దారి. ఆ మూడేళ్లు ఒప్పంద ఉల్లంఘన జరిగిన నాటి నుంచి లెక్కకు వస్తాయి కనుక, బిల్లులన్నీ తేదీల వరుసలో పెట్టుకుని ఈ నెలలోనే మీ న్యాయవాదిని కలవండి.