జాగ్రఫీకి ముప్పై లక్షలా?

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. డిగ్రీలో జాగ్రఫీ చదివాను. ఇంగ్లండులో హ్యూమన్ జాగ్రఫీ, సస్టెయినబిలిటీ మాస్టర్స్‌కి ఆఫర్ వచ్చింది. అన్నీ కలిపి ముప్పై లక్షలు దాటేట్టుంది. నాన్న పొలం తాకట్టు పెడతానంటున్నారు. బంధువులేమో ‘ఇంత పోసి చివరికి టీచరు ఉద్యోగమా’ అంటున్నారు. రమ్మంటారా?

జవాబు: చెల్లీ, మీ బంధువుల మాట మా ఇంట్లోనూ విన్నదే. నేను లీడ్స్‌లో దిగినప్పుడు కలిసిన తెలుగు పిల్లల్లో చాలామంది కంప్యూటర్ల వాళ్లే. ‘జాగ్రఫీ అంటే మ్యాపులు గీస్తారా?’ అని నవ్విన ఒకబ్బాయి, తర్వాత తను కొనబోయే ఇల్లు లీడ్స్‌లో పారే ఏర్ నది ముంపులోకి వస్తుందేమో చూసిపెట్టమని నా దగ్గరికే వచ్చాడు. 2015 క్రిస్మస్ మర్నాడు ఆ నది పొంగి కర్క్‌స్టాల్ రోడ్డంతా మునిగింది మరి.

చదువు మంచిదే. మీ పక్క ఎన్.పి. కుంట సోలార్ పార్కు కరెంటు ఎవరికి వెళ్తోంది, ఆ నేల మీద అంతకుముందు ఎవరు బతికారు అని అడగడమే ఈ సబ్జెక్టు. ఒక చోటు అంటే గీత గీసిన ముక్క కాదు, ఎక్కడెక్కడి సంబంధాలో వచ్చి కలిసే కూడలి అని జాగ్రఫీ పండితురాలు డోరీన్ మాసీ రాసింది చదివాకే మా తుళ్లూరు వైపు, అంటే అమరావతి రాజధాని ప్రాంతంలో, జరుగుతున్నది నాకు సరిగ్గా అర్థమైంది. కానీ అర్థమైనంత మాత్రాన బ్యాంకు వడ్డీ ఆపదు కదా. అందుకే డబ్బు దగ్గరికే వస్తాను.

ఫీజు, వీసా, ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి, ఖాతాలో 28 రోజులు కదలకుండా ఉండాల్సిన మొత్తం, ఇవన్నీ గవర్నమెంటు సైటులో ఉంటాయి, చూసుకో. అక్కడ కనిపించనివి చెప్తాను. అద్దె ఇక్కడ వారానికి చెప్తారు. నేను నాలుగుతో గుణించి నెల లెక్క వేసుకున్నాను. నెలంటే నాలుగు వారాల పైచిలుకు, పైగా ఒప్పందం 51 వారాలకు. చదువు ముందే అయిపోయినా అద్దె కట్టాల్సిందే. తోడుగా ఉంటుందని, చదువు ముగించి ఉద్యోగంలో చేరిన ఒక స్నేహితురాలితో ఇల్లు పంచుకున్నాను. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఇంటి మీద స్థానిక సంస్థ వేసే పన్ను, ఉండదు. ఒక్కరు ఉద్యోగస్థులున్నా బిల్లొస్తుంది, పాతిక శాతం మాత్రం తగ్గిస్తారు. ఆ బిల్లులో సగం నా మీద పడింది. ఈ సంగతి ఏ సీనియరూ చెప్పలేదు, నేను చెప్తున్నాను, గుర్తుపెట్టుకో.

ఇంతకంటే పెద్ద దెబ్బ డిసర్టేషన్ దగ్గర, అంటే కోర్సు చివర రాసే పరిశోధన వ్యాసం దగ్గర, తగిలింది. మన సబ్జెక్టులో మనుషుల్ని కలవాలి, మాట్లాడాలి, అందుకే ఖర్చు. అమరావతి ల్యాండ్ పూలింగ్‌లో భూమి ఇచ్చిన రైతుకు ఏటా కౌలు, ప్లాటు వస్తాయి. భూమే లేని కూలీకి అప్పట్లో నెలకు 2,500 పెన్షన్. ఆ కూలీల మీద రాద్దామనుకున్నాను. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వెళ్లాను కదా, పనిలో పని అని ఫోన్ రికార్డర్ పెట్టుకుని ఊళ్లన్నీ తిరిగేశాను. తిరిగొచ్చాక మా గైడు చాలా మర్యాదగా చెప్పారు: మనుషుల మీద పరిశోధనకు యూనివర్సిటీ ఇచ్చే ఎథిక్స్ అనుమతి రాకముందు తీసుకున్న ఇంటర్వ్యూ ఒక్కటీ వాడకూడదని. అంతా వృథా. అనుమతి తీసుకుని వేసవిలో మళ్లీ వెళ్లాను, అదీ టిక్కెట్లు మండిపోయే సీజన్లో.

అప్పుడైనా సాఫీగా సాగిందా? యూనివర్సిటీ ఇచ్చిన సమ్మతి పత్రం మీద సంతకం పెట్టమంటే ఒక పెద్దావిడ కాగితాన్ని వేలితో వెనక్కి తోసి, ‘నువ్వు అడిగినవన్నీ చెప్తానమ్మా, వేలిముద్ర మాత్రం అడగొద్దు’ అంది. ఆ ఊళ్లలో అప్పటికే ఎన్ని కాగితాలు తిరిగాయో చూసినవాళ్లు మరి, తప్పేముంది. నోటిమాటతో సమ్మతి తీసుకుంటానని మళ్లీ దరఖాస్తు పెట్టి, జవాబు వచ్చేదాకా మా ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను. నువ్వు ఆ ఫారం ఫిబ్రవరిలోనే పెట్టు, మౌఖిక సమ్మతి అని మొదట్లోనే రాయి. ఫోన్లో ఇంటర్వ్యూలు చేసే వీలుందేమో అడుగు. లేదా లీడ్స్ లాంటి ఊళ్లోనే విషయం వెతుక్కో, బస్సు చార్జీతో పోతుంది.

వేసవంతా ఫుల్‌టైమ్ పనిచేసి అప్పు తీరుద్దామని అనుకుంటున్నావేమో, నేనూ అనుకున్నాను. మాస్టర్స్ వాళ్లకు డిసర్టేషన్ కాలం సెలవు కింద రాదు, వారానికి 20 గంటలే. సైకిలేసుకుని ఫుడ్ డెలివరీ అసలే వద్దు, అది సొంత వ్యాపారం కింద లెక్క, వీసాకే ఎసరు. తిండి విషయంలో మాత్రం భయపడకు. కర్క్‌గేట్ మార్కెట్‌కు సాయంత్రం మూసేవేళ వెళ్తే కూరగాయలు చవగ్గా ఇచ్చేస్తారు. ఇక్కడి పెద్ద దుకాణాల సంస్థ మార్క్స్ అండ్ స్పెన్సర్ 1884లో పెన్నీ దుకాణంగా మొదలైంది అక్కడే, ఇప్పుడు వాళ్ల దగ్గర కొనే స్తోమత మనకు ఉండదనుకో.

ఇక ఉద్యోగం. మీ వాళ్లకు గ్రాడ్యుయేట్ వీసా అయినా ఉంది, చదువయ్యాక ఇక్కడే రెండేళ్లు ఉండి పనిచేసుకోవచ్చు. 2012లో తీసేసినదాన్ని 2021లో మళ్లీ తెచ్చారు, నేను ఆ మధ్యకాలంలో చదివినదాన్ని. చదువు అవగానే వీసాకు పూచీ పడే కంపెనీ, అంటే స్పాన్సర్, దొరక్కపోతే పెట్టె సర్దుకోవడమే. అయినా నెగ్గుకొచ్చాను. అది కూడా నా థియరీ మార్కుల వల్ల కాదు, ఇష్టం లేకుండా తీసుకున్న జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపులు చేసే విద్య) పేపర్ వల్ల. రవాణా ప్లానింగ్ కన్సల్టెన్సీలో బస్సు రూట్ల మ్యాపులు చేసే పని అలాగే దొరికింది. మీకు కూడా 2027 జనవరి నుంచి అప్లై చేసేవాళ్లకు రెండేళ్లు కాస్తా ఏడాదిన్నర అవుతోంది. ఆ తర్వాత కంపెనీ స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలు కనీస జీతం 41,700 పౌండ్లకు పెంచారు, కొత్తగా చేరేవాళ్లకు కొంత తక్కువ. స్వచ్ఛంద సంస్థల్లో మొదటి జీతం అంత రావడం కష్టం. అందుకే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఇప్పుడే దించుకుని నేర్చుకో, అది ఉచితం.

పొలం తాకట్టు సంగతి అడిగావు. ఈ ఏడాదికి వద్దంటాను. కామన్వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్ ఇలాంటి కోర్సులకు అతికినట్టు సరిపోతుంది, కాకపోతే చేరే ముందు ఏడాది చలికాలానికే అప్లై చేయాలి. ముందు ఆ యూనివర్సిటీకి రాసి ఆఫర్‌ను వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారా, డిపార్ట్‌మెంటు తరఫున ఫీజు తగ్గింపు ఏమైనా ఉందా అని అడుగు. జవాబు వచ్చేదాకా డిపాజిట్ కట్టకు, మీ నాన్నను బ్యాంకు మెట్లు ఎక్కనివ్వకు.