ఫైర్ ఎన్‌ఓసీకి ప్లాన్ పంపే ముందు

చి. మేనల్లుడికి ఆశీస్సులు.

మధురవాడ అపార్ట్‌మెంట్ ప్లాన్ చూశాను. ఫ్లాట్లు చక్కగా కుదిరాయి గానీ, అవన్నీ గీశాక మిగిలిన చోట మెట్లు ఇరికించావు. వరస తిరగెయ్యి అల్లుడూ. ముందు మెట్లు, బిల్డింగ్ చుట్టూ ఖాళీ, ఆ తర్వాతే ఫ్లాట్లు. గోడలు ఎప్పుడైనా కొట్టి కట్టొచ్చు, పునాది పడ్డాక ఈ రెండూ కదలవు.

ఎత్తు 18 మీటర్లు దాటుతోంది కాబట్టి 1999 అగ్నిమాపక చట్టం కింద ముందు అగ్నిమాపక శాఖ నుంచి ప్రొవిజనల్ ఎన్‌ఓసీ, అంటే తాత్కాలిక నిరభ్యంతర పత్రం, తీసుకోవాలి. వాణిజ్య భవనమైతే 15 మీటర్లకే ఆ హద్దు. నీది కొండవాలు స్థలం. ఎత్తు ఏ లెవెల్ నుంచి లెక్కపెట్టావో సెక్షన్ డ్రాయింగ్‌లో, అంటే బిల్డింగును నిలువునా కోసినట్టు చూపే బొమ్మలో, స్పష్టంగా రాయి. అది లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది.

రెండు మెట్లనూ లిఫ్టుకు చెరోపక్కా ఆనించావు. కారిడార్‌లో పొగ నిండితే రెండూ ఒకేసారి పనికిరాకుండా పోతాయి. వాటిని దూరంగా జరుపు. ఒకటైనా బయటి గోడకు ఉండాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం, అంతస్తులో ఏ మూల నుంచైనా మెట్ల తలుపుకు నడక 30 మీటర్లు మించకూడదు. స్కేలు అడ్డంగా పెట్టి కొలవకు, మనిషి నడిచే దారి వెంట మలుపులతో సహా కొలువు. మెట్ల గదిలో కరెంటు మీటర్లు, గ్యాస్ పైపు పెట్టొద్దు.

పై మెట్లు నేరుగా సెల్లార్‌లోకి దిగుతున్నాయి. ఇది పెద్ద తప్పు. కింద కారు అంటుకుంటే ఆ పొగంతా పై అంతస్తులకు ఎక్కుతుంది. గ్రౌండ్ దగ్గర మెట్లు తెంపి, సెల్లార్‌కు వేరే మెట్లు ఇవ్వు. పొగ పోయే కంతలు సెల్లార్ విస్తీర్ణంలో రెండున్నర శాతం ఉండాలి. నీ 800 చదరపు మీటర్లకు 20 చదరపు మీటర్లు, అదీ చుట్టూ సర్ది.

చుట్టూ 6 మీటర్ల దారి కాగితం మీద ఉంది. మరి ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్, వాచ్‌మన్ గది ఎక్కడ? వాటిని ఇప్పుడే గీయకపోతే రేపు అన్నీ ఆ దారిలోకే వస్తాయి. ఫైరింజన్ తిరగడానికి మలుపు దగ్గర 9 మీటర్ల వ్యాసార్ధం వదులు. గేటు తెరిచాక నాలుగున్నర మీటర్లు ఖాళీ ఉండాలి. దారి కింద సంపు వస్తోంది కదా, దాని స్లాబు 45 టన్నుల బండిని మోసేలా స్ట్రక్చరల్ ఇంజినీరుతో లెక్క వేయించు.

నీళ్ల విషయంలో ఒక్కటే చెబుతాను. నీళ్లు ముందు ఫైర్ ట్యాంకులో పడి, అది నిండాకే వాడకం ట్యాంకులోకి పొర్లాలి. అలాగైతే ఆ నిల్వను ఎవరూ వాడేయలేరు. డీజిల్ పంపును మాత్రం ఖర్చని తీసేయొద్దు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో కరెంటు ఎన్ని రోజులు పోయిందో నీకు తెలుసు.

సవరించిన సెక్షన్ ముందు పంపు. అది కుదిరాకే ఫ్లోర్ ప్లాన్లు చూద్దాం.

మీ మామయ్య